కౌన్ సే ఇన్సాన్ కా?

మా భాంజీ షామీర్‌పేట వైపు ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఈద్‌కి ఇంటికొచ్చినప్పుడు ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. వేలెడంత సీసా, అడుగున తెల్లటి పొడి. లేబుల్ మీద 'రీకాంబినెంట్ హ్యూమన్ ఇన్సులిన్' అని ఉంది. దాని కిందే 'పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు' అని.

"మజాక్ చూడు మామూ! హ్యూమన్ అంటాడు, మళ్లీ హ్యూమన్‌కే వద్దంటాడు" అని నవ్వింది. నేనూ నవ్వాను. రాత్రి మాత్రం నీంద్ పట్టలేదు.

1993లో నాది ఏడో జమాత్, ఉర్దూ మీడియం. అబ్బాకి వరంగల్‌లో రొట్టెల భట్టీ ఉండేది. షుగర్ ముదిరి, గోళీలు పనిచేయక సూది మొదలైంది. ఆ సూదిమందులో ఏదో ఉందట అని మొహల్లాలో గుసగుసలు. ఇంట్లో ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కోగలిగేది నేనొక్కణ్నే. అబ్బా డబ్బా చేతికిచ్చి "క్యా లిఖా హై, పఢ్" అన్నాడు. 'పోర్సైన్' అని ఉంది. స్కూల్లో లుగత్ తిరగేసి మాయనా పట్టుకొచ్చాను. పేరెత్తకూడదు కదా, "వో జాన్వర్ కా, అబ్బా" అన్నాను. కష్టమైన లఫ్జ్ కనిపెట్టానని లోపల ఫఖ్ర్ కూడా!

అబ్బా సీసా పక్కన పెట్టేశాడు. ఎవరితోనూ అనలేదు, ఎవరినీ అడగలేదు. పదకొండు రోజులు. భట్టీ దగ్గర నిప్పు తొక్కినా కాలికి తెలియలేదు. దవాఖానాలో బొటనవేలు తీసేశారు. "పదకొండు రోజులకే ఇలా కాదమ్మా, ఎన్నో ఏళ్ల షుగర్ ఇది" అన్నాడు డాక్టర్. అమ్మీ యకీన్ చేసింది. నేను ఇప్పటికీ చేయలేదు.

చూడ్డానికొచ్చిన మౌల్వీ సాబ్ కోప్పడ్డాడు. "వేరే దవా లేనప్పుడు జాన్ బచానా ఫర్జ్. నన్నొక మాట అడగొద్దా?" డాక్టర్ వేరే సీసా రాశాడు. ధర ఎక్కువ. మళ్లీ నేనే చదివాను: హ్యూమన్. "ఇన్సాన్ కా, అబ్బా."

అబ్బా మొహం మారిపోయింది. "కౌన్ సే ఇన్సాన్ కా రే? ముర్దే కా?"

నా దగ్గర జవాబు లేదు. ఈసారి లుగత్ తెరవడానికి కూడా డర్. మౌల్వీ సాబ్ మాట మీద వేసుకున్నాడు. రోజూ ఫజర్ తర్వాత బిస్మిల్లా అని, కళ్లు మూసుకుని. 2006లో పోయేదాకా ఆ షక్‌తోనే.

అఖ్బార్ నౌకరీలో చేరాకే నాకు హకీకత్ తెలిసింది. పాత ఇన్సులిన్ పందుల, ఆవుల లబ్‌లబా నుంచి, అంటే క్లోమం నుంచి, తీసేవాళ్లు. మన ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలు, రెండు గొలుసులుగా. ఆ జాన్వర్‌కీ మనకీ అందులో ఒక్కటే తేడా, ఆవుకి మూడు. 1978లో అమెరికా సైంటిస్టులు మనిషి ఇన్సులిన్ జన్యువును ల్యాబ్‌లో కూర్చి బ్యాక్టీరియాలో పెట్టారు. 1982లో ఆ దవాకి అక్కడ ఇజాజత్ దొరికింది. తర్వాత ఈస్ట్‌లోనూ చేయడం మొదలైంది. ఏ ముర్దానూ ముట్టలేదు. నుస్ఖా ఇన్సాన్‌ది, అంతే.

పొద్దున చాయ్ దగ్గర భాంజీని అడిగాను, మరి ఈ సీసా దేనికని. గాజు పళ్లెంలో పెంచే కణాలు గ్లూకోజు తిని పెరగాలంటే ఇది కావాలట. ఇదివరకు తల్లి కడుపులోని దూడ రక్తం నుంచి తీసిన సీరం పోసేవాళ్లు. ఇప్పుడూ పోస్తారు, కానీ చాలా పనులకి సీరం బదులు ఇలాంటి ప్రొటీన్లు కలుపుతారు. ఉత్త నీళ్లలో ఈ పొడి సరిగా కరగదు, కొంచెం ఆమ్లం చుక్క పడాలి. ప్రొటీన్ అదే. ఒంట్లోకి ఎక్కించే దవాకి జరగాల్సిన పరీక్షలు దీనికి జరగవు, అందుకే ఆ రెండో లైను.

"దీన్ని దేంట్లో చేశారు బేటీ?"

ఫోటో పెద్దది చేసింది. "ఈస్ట్, మామూ. బేకరీలో వాడే జాతే. ఖమీర్!"

అబ్బా రోజూ తెల్లవారుజామున మూడింటికి లేచేవాడు. పిండి గిన్నె మీది తడిగుడ్డ తీసి, వేలితో నొక్కి, వాసన చూసి, "ఉఠ్ గయా" అనేవాడు. చలికాలం గిన్నెను భట్టీ పక్కకి జరిపేవాడు.

"ఎంత గర్మీలో పెంచుతారు దాన్ని?" అన్నాను.

"ముప్పై డిగ్రీల దగ్గర. ఎందుకు మామూ?"