చెవికి లొంగని పరీక్ష
ఒకనాడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరుపొందిన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లు. దానిపై తెలుగు, బెంగాలీ, హిందీ కలగలిసి వినిపిస్తాయి. బెంగాల్-నాగపూర్ రైల్వే కొలువులకు వచ్చిన తెలుగువారికి పరభాషలు నేర్పిన గురువు చెవే.

వారి సంతతి జపాను భాషకు పూనుకుంటే తొలిమెట్లు సులువే: తెలుగులోవలెనే వాక్యాంతంలో క్రియ, నామం వెనుక విభక్తి. కాని అత్యున్నతమైన ‘ఎన్-1’ పరీక్షలో వినికిడికి దక్కేది 180 మార్కులలో 60 మాత్రమే. తక్కినది కంటిపని. నిత్యవ్యవహార లిపిచిహ్నాలే 2,136. చాలావాటికి ఒకటికి మించిన ఉచ్చారణలు. మొత్తం 100 వచ్చినా, ఒక్క విభాగంలో 19కి తగ్గితే ఓటమే.

బజారులో తప్పు పలికితే ఎదుటివాడు నవ్వి దిద్దుతాడు. కలకత్తా పరీక్షాకేంద్రంలో ఆ దిద్దే మనిషి ఉండడు. ఆ లోటును ముందే పుస్తకంతో పూడ్చుకోవాలి.