ట్రక్కు ఎక్కిన ల్యాప్‌టాప్

2025 అక్టోబరు 14న మా ఇంట్లో ఏమీ జరగలేదు. అప్పుడు మేము అస్సాంలోని జోర్హాట్‌లో ఉండేవాళ్లం. ల్యాప్‌టాప్ ఎప్పటిలాగే నాలుగు నిమిషాలు తీసుకుని తెరుచుకుంది. తమ్ముడు సైన్సు ప్రాజెక్టు టైపు చేసుకున్నాడు. అమ్మ పిన్నితో వీడియో కాల్ మాట్లాడింది. అయితే ఆ రోజుతో మా ల్యాప్‌టాప్‌లో ఉన్న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు ముగిసింది. 2015 జూలైలో వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ అది. పదేళ్లు చూసుకున్నారు.

మద్దతు ముగియడం అంటే కంప్యూటర్ ఆగిపోవడం కాదు. మనలా క్వార్టర్స్‌లో ఉండేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కుళాయి కారితే కంప్లైంట్ రిజిస్టరులో రాస్తాం, రెండు రోజులకో పది రోజులకో ప్లంబర్ వస్తాడు. ఒకరోజు 'ఈ బ్లాకుకు ఇక మరమ్మతులు లేవు' అని నోటీసు అంటించారనుకోండి. ఇల్లు కూలిపోదు, లైట్లు వెలుగుతాయి. కానీ కొత్తగా పగులు వస్తే పూడ్చేవాళ్లు ఉండరు. కంప్యూటర్ విషయంలో ఆ పగుళ్ల కోసమే వెతుకుతూ తిరిగేవాళ్లు ఉంటారు, అదీ తేడా.

2017 మేలో వచ్చిన వానాక్రై సంగతి మా కంప్యూటర్ సార్ క్లాసులో చెప్పారు. విండోస్‌లోని ఒక లోపం గుండా దూరి, ఫైళ్లకు తాళం వేసి, డబ్బు అడిగే ప్రోగ్రామ్ అది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడా కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ మార్చిలోనే విడుదలైంది. దాన్ని వేసుకోనివాళ్లూ, మద్దతు అయిపోయిన పాత విండోస్ వాడుతున్నవాళ్లూ ప్రమాదంలో పడ్డారు. ఇది విన్నాక 'పనిచేస్తోంది కదా, వదిలేద్దాం' అనడానికి నాకు మనసొప్పలేదు.

విండోస్ 11 వేసుకుందామా అంటే మా యంత్రం దానికి సరిపోదు. మాది 2012లో కొన్నది, మూడో తరం ఐ3 ప్రాసెసర్. ఇంటెల్ ప్రాసెసర్లలో విండోస్ 11 అడిగేది ఎనిమిదో తరం నుంచి పైవి. దానికి తోడు టీపీఎం 2.0 కావాలి. తాళంచెవుల్లాంటి రహస్యాలను మిగతా కంప్యూటర్‌కు అందకుండా దాచే భద్రతా ఏర్పాటు అది. అది ఉంటే మంచిదే, కాదనను. కానీ అది లేనంత మాత్రాన మా కీబోర్డు, తెర, కెమెరా పాడైపోయినట్టు కాదు కదా! విండోస్ 10కే మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు, భద్రతా ప్యాచ్‌లు పొందే పద్ధతి ఒకటి ఉంది. దానివల్ల గడువు జరుగుతుంది, అంతే.

ఇంతలో నాన్నకు భోపాల్ బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఇక మీకు తెలిసిందే. మన ఇళ్లలో వస్తువులు రెండే రకాలు, ట్రక్కు ఎక్కేవి, ఎక్కనివి. అమ్మ రాసిన రెండో జాబితాలో విరిగిన కూలరు, తమ్ముడి చిన్న సైకిలు, వాటి కింద ల్యాప్‌టాప్. "పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం, అక్కడికి వెళ్లాక కొత్తది చూద్దాం" అన్నారు నాన్న. కొత్తది చూద్దాం అనే మాట మా ఇంట్లో నేను చాలాసార్లు విన్నాను. పైగా అందులో తాతయ్య పుస్తకం ఉంది.

తాతయ్య బొబ్బిలి దగ్గర పల్లెలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. తన చిన్ననాటి ఊరి గురించి రాసుకున్నదంతా డీటీపీ షాపులో టైపు చేయించారు. 140 పేజీలు. చేతిరాత కాగితాలు ఒక వానాకాలం తడిసిపోయాయి. ఆయన పోయి మూడేళ్లయింది. మిగిలింది మా ల్యాప్‌టాప్‌లో ఉన్న ఒక్క ఫైలే.

నాన్నను వారం రోజుల గడువు అడిగాను. కంప్యూటర్ సార్ చెప్పినట్టు ముందు ఫైళ్లన్నీ, ఫాంట్ల ఫోల్డరుతో సహా, బయటి హార్డ్ డిస్కులోకి ఎక్కించాను. తర్వాత లైనక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికరకాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. లైనక్స్‌లో నాకు నచ్చింది ఇదే. లోపల ఏమీ చెరపకుండా, పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవచ్చు. ధ్వని వచ్చింది, కెమెరా వచ్చింది, వైఫై రాలేదు. ఫోనును కేబులుతో కలిపి ఇంటర్నెట్ ఇచ్చి, డ్రైవర్ మేనేజర్‌లో వైఫై డ్రైవర్ వేశాక అదీ వచ్చింది. అప్పుడు పాత హార్డ్ డిస్కు తీయించి ఎస్‌ఎస్‌డీ పెట్టించాం, 4 జీబీ ర్యామ్‌ను 8 చేయించాం. తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టేది ఇప్పుడు నిమిషం కూడా పట్టదు. అందులో ఎక్కువ పుణ్యం ఎస్‌ఎస్‌డీదేనని నా అనుమానం. తమ్ముడి క్రికెట్ ఆట మాత్రం కొత్త సిస్టమ్‌లో నడవలేదు. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తెలుగు టైపింగు కోసం వేరే ఏమీ కొనక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంటుంది. మూడు రాష్ట్రాలు తిరిగిన మనలాంటివాళ్లకు అది భలే పనికొస్తుంది. తెలుగులో 'క' వచ్చే మీట మీదే హిందీ 'క', అస్సామీ 'క' కూడా ఉంటాయి. ఒక్కసారి వేళ్లకు అలవాటైతే భాష మారినా అక్షరాల చోట్లు దాదాపుగా మారవు.

మా సంగతి విని పక్క క్వార్టర్ ఆంటీ తన చిన్న నెట్‌బుక్ తెచ్చారు. ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్. దాంతో నేను గెలవలేదనే చెప్పాలి. అది 32 బిట్ల యంత్రం. ఇప్పటి లైనక్స్ మింట్ ప్రధాన విడుదలలు 64 బిట్లవే. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు కూడా 32 బిట్ల పీసీల కోసం ఇన్‌స్టాలర్ లేదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ మొదలుపెట్టింది 386 ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ మీదే. ఆ 386కు మద్దతును 2012 డిసెంబరులో లైనక్స్ కెర్నల్ నుంచి తీసేశారు. పాత యంత్రాల కోసం రాసిన కోడును ఎవరో ఒకరు పరీక్షిస్తూ ఉండాలి, ఆ పని చేసేవాళ్లు తగ్గితే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా తలుపు మూయాల్సిందే. నెట్‌బుక్‌లో డెబియన్ 12 వేశాను. అది నోట్స్ రాసుకోవడానికి, పాటలు వినడానికి సరిపోతుంది. బ్రౌజర్ తెరిస్తే మాత్రం ఆయాసపడుతుంది. ఆంటీకి అదే చెప్పాను. "పాటలు చాలమ్మా" అన్నారు.

ఇక తాతయ్య ఫైలు. లైనక్స్‌లో లిబర్‌ఆఫీస్‌తో తెరిస్తే ఒక్క తెలుగక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, విచిత్రమైన గుర్తులు. అమ్మ ముఖం వాడిపోయింది. ఫైలు చెడిపోలేదు. డీటీపీ షాపుల్లో ఎక్కువగా వాడిన అను ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టిన బొమ్మలవి. ఫాంటు ఉంటే తెలుగు కనిపిస్తుంది, లేకపోతే గదుల అసలు పేర్లు బయటపడతాయి. యూనికోడ్‌లో 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే తెలుగుకు సొంత గదులున్నాయి. అయినా మన ఇళ్లలో ఎన్ని కథలు, శుభలేఖలు, సంఘాల సావనీర్లు ఇలా అరువు గదుల్లో ఉండిపోయాయో!

ముందే దాచిన ఫోల్డరు నుంచి ఆ ఫాంటు తెచ్చి పెట్టగానే తాతయ్య వాక్యాలు కనిపించాయి. కానీ రేపు ఇంకో సిస్టమ్ మారితే? అందుకని కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మారుస్తున్నాను. వత్తులు కొన్ని తారుమారవుతున్నాయి, వాటిని ఫాంటుతో కనిపించే పేజీ పక్కన పెట్టుకుని చేత్తో దిద్దాలి. ఆ పని నాకు, తమ్ముడికి పంచారు నాన్న.

భోపాల్ వచ్చి నెల దాటింది. ల్యాప్‌టాప్ ట్రక్కులో రాలేదు, రైల్లో నా ఒళ్లోనే వచ్చింది. ఇప్పుడు 37వ పేజీలో ఉన్నాం. నిన్న తమ్ముడు 'ఏతాం' దగ్గర ఆగి, వత్తు తప్పిందేమో చూడమన్నాడు. తప్పలేదు, వాడెప్పుడూ ఆ మాట వినలేదంతే. నాన్న పాత కవరు వెనక పొడుగాటి దూలం, దాని చివర బాన, దూలం మీద అటూఇటూ నడిచే మనిషిని గీసి చూపించారు. ఆ మనిషి తన మేనమామ అట. ఆ సంగతి తాతయ్య ఫైల్లో లేదు. తమ్ముడు బ్రాకెట్లో చేర్చాడు.