ఖిల్లా ఎవరి మాట?

రాచకొండ అడవిలో మేం నలుగురం ఖిల్లా ఎక్కుతున్నాం. సున్నం లేకుండా బండమీద బండ పేర్చిన గోడలు. సందుల్లోంచి మొలిచిన చెట్లు. 14వ శతాబ్దంలో ఇది రేచర్ల పద్మనాయకుల రాజధాని. ‘రసార్ణవసుధాకరం’ రాసిన సింగభూపాలుడు ఏలిన గడ్డ. 15వ శతాబ్దంలో బహమనీల చేతికి పోయింది.

దారి చూపిస్తున్న మేకల కాపరి తాత మా పేర్లడిగాడు. చెప్పాం. కాసేపాగి, “దీన్ని మీవాళ్లే కూలగొట్టిన్రంట గదా” అన్నాడు. కోపంగా కాదు, నిన్న వానపడ్డదన్నట్టు.

ఆరొందల ఏళ్ల కిందటి సుల్తాన్ల తరఫున ఇవ్వాళ మేం జవాబు చెప్పుకోవాలి. మా తాతలేమో టాంగాలు తోలి బతికినవాళ్లు.

మాట నోటిదాకా వచ్చింది. అంతలో తాత చెయ్యి చాపి, “అది దర్వాజ. అగో, బురుజు. ఖిల్లా అంత గిట్లనే ఉంటది” అన్నాడు.

దర్వాజ, బురుజు, ఖిల్లా. మూడూ అరబ్బీ, ఫార్సీల నుంచి వచ్చినవే. మా ఇంట్లో ఉర్దూలో పలికేవే. అవి నీవి కావంటే తాత ఒప్పుకుంటాడా? ఎందుకు ఒప్పుకోవాలి? మేం రాసే తెలుగు మాది కాదంటే మేమూ ఒప్పుకోం.

దిగేటప్పుడు తాత, “తెలుగు మంచిగొస్తది సాయబూ మీకు” అని మెచ్చుకున్నాడు.

షుక్రియా చెప్పాలో, ఎక్కణ్ణుంచో వచ్చామనుకున్నందుకు ఏడవాలో మాకు తెలియలేదు.