ఇద్దరం కలిసి 130 కిలోలు

‘ఈ వయసులో పడవ కొంటావా?’ అంది అమ్మ ఫోన్లో. ఆమె లెక్కలో ముప్ఫై ఏడేళ్లవాడు కొనాల్సినవి మూడే... ఫ్లాటు, బంగారం, కూతురి పేరున ఎల్‌ఐసీ పాలసీ. పడవ ఆ జాబితాలో లేదు. పోనీ నేను కొంటానన్నది చేపలు పట్టే పడవా అంటే కాదు. జనాన్ని ఎక్కించుకుని నాలుగు డబ్బులు సంపాదించే లాంచీ కూడా కాదు. ఇంజినుండదు. గాలి వీస్తేనే కదులుతుంది. పందేలకి తప్ప మరెందుకూ పనికిరాదు.

‘ఒకసారి అయింది చాల్లేదూ?’ అని ఫోన్ పెట్టేసింది.

ఆ ‘ఒకసారి’ సంగతి ముందు చెప్పాలి.

విశాఖపట్నంలో డిగ్రీ చదివే రోజుల్లో ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో ఉండేవాణ్ని. ఎంటర్‌ప్రైజ్ అనే చిన్న పడవల మీద సెయిలింగ్ నేర్పేవారు. ఇద్దరెక్కే పడవ. చుక్కానీ, పెద్ద తెరచాప తాడూ పట్టుకుని వెనక ఒకడు కూర్చుంటాడు. చిన్న తెరచాప చూసుకుంటూ, పడవ ఒరిగితే రెండోవైపుకి వాలి బరువు వెయ్యడం ముందువాడి పని. వెనకవాణ్ని నేను. ముందువాడు నా స్నేహితుడు. క్లాసులో ఒకే బెంచీ, మధ్యాహ్నం ఒకే టిఫిన్ బాక్సు.

ఓ శనివారం ప్రాక్టీసు పందెం. మా ముందు ఒక్క పడవే ఉంది. ఉన్నట్టుండి గాలి జోరందుకుంది. మా పడవ ఓ పక్కకి లేవసాగింది. ‘తాడు వదలరా!’ అని అరిచాడు వాడు. తాడు వదిలితే తెరచాపలోంచి గాలి జారిపోతుంది. పడవ కుదురుకుంటుంది. కాకపోతే వేగం పోతుంది. నేను వదల్లేదు. రెండోసారి అరిచాడు. అప్పుడూ వదల్లేదు. మూడోసారి అరిచే వ్యవధి లేకపోయింది. పడవ బోల్తాపడింది. నేను పైకి తేలాను. వాడు తేల్లేదు. తెరచాప కింద, కాలికి తాడు చుట్టుకుని... ఎంతసేపున్నాడో నాకిప్పటికీ తెలీదు. రెస్క్యూ బోటులోవాళ్లు వచ్చి బయటికి లాగారు. ఓ రాత్రి ఆస్పత్రిలో ఉండి ఇంటికెళ్లిపోయాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది. ఆ తర్వాత ఇద్దరం మళ్లీ పడవెక్కలేదు. టిఫిన్ బాక్సులు మాత్రం రెండయ్యాయి.

పదిహేడేళ్లు గడిచాయి. బదిలీ మీద చెన్నై వచ్చాం. ఓ ఆదివారం ఈసీఆర్ రోడ్డు పక్కన తీరంలో మొక్కజొన్న కంకులు తింటూ కూర్చుంటే మా అమ్మాయి అరిచింది... ‘నాన్నా, ఆ పడవకి రెండు కాళ్లు!’

నిజమే. రెండు సన్నటి పడవల్ని పక్కపక్కన పెట్టి మధ్యలో నులకమంచంలా ఓ పట్టు బిగించారు. ఒక కాలు నీళ్లలో ఉంది, రెండోది గాల్లో ఉంది. ఒకాయన నడుముకి తీగ తగిలించుకుని పడవ అంచు మీద పాదాలానించి సముద్రం మీదికి వాలి నిలబడ్డాడు. చూస్తుండగానే ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లిపోయింది. చేతిలో కంకి చల్లారిపోయింది.

కాటమరాన్ అంటారు దాన్ని. ఇంగ్లిషు మాటలా వినిపిస్తుంది గానీ మన పక్కింటిదే. తమిళంలో ‘కట్టుమరం’... కట్టిన దుంగలు అని. మన ఉత్తరాంధ్ర తీరంలో తెప్ప అనే బాపతు. తమాషా ఏమిటంటే అసలు కట్టుమరానికి రెండు కాళ్లుండవు. నాలుగైదు తేలికపాటి దుంగల్ని తాళ్లతో బిగిస్తే అదే పడవ. మన తీరంలో దుంగల తెప్పలు చూసిన తెల్లవాళ్లు ఆ పేరు పట్టుకెళ్లారు. అది తర్వాత్తర్వాత జంట పడవలకి స్థిరపడిపోయింది.

అంత వేగం ఎలా అంటారా? మామూలు పడవ ఒరిగిపోకుండా ఉండాలంటే పొట్ట వెడల్పుగా ఉండాలి, లేదా అడుగున బరువుండాలి. రెండూ వేగానికి అడ్డమే. ఇందులో ఒక్కో కాలూ సన్నం కాబట్టి నీటిని కోసుకుంటూ పోతుంది. రెండూ ఎడంగా ఉంటాయి కాబట్టి ఒరిగిపోదు. 1876లోనే అమెరికాలో హెరెషాఫ్ అనే ఆయన ఇలాంటిదొకటి తయారుచేసి న్యూయార్క్ పందెంలో మామూలు పడవలన్నిటినీ వెనక్కి నెట్టేశాడు.

ఇంటికొచ్చాక రాత్రుళ్లు చదవడం మొదలుపెట్టాను. మనసు మొదట ‘ఎ క్లాస్’ మీదికి పోయింది. దాదాపు ఐదున్నర మీటర్ల పొడవు, బరువు 75 కిలోలు, ఎక్కేది ఒక్కరే. ఆ ‘ఒక్కరే’ దగ్గర నా కన్ను ఆగిపోయింది. ఎఫ్ 18 అనేది మరొకటి. ఇద్దరెక్కాలి, 180 కిలోలు, అదనంగా ముందు బుడగలాంటి మూడో తెరచాప. మా ఆవిడ నా భుజం మీంచి చూస్తూ ఒలింపిక్స్‌లో ఇలాంటివి ఉంటాయా అనడిగింది. 1976 నుంచి 2008 దాకా టోర్నడో ఉండేదని చెప్పాను. 2012లో కాటమరాన్ పోటీయే లేదు. 2016లో నాక్రా 17 వచ్చింది, అందులో ఒక మగ, ఒక ఆడ కలిసి నడపాలి.

‘మరి మీరెందుకు ఒక్కరు ఎక్కే పడవలే చూస్తున్నారు?’ అంది.

జవాబు చెప్పలేదు.

తీరంలో పడవలు నేర్పే ఒక పెద్దాయన దొరికారు. నేవీలో చేసి రిటైరయ్యారు. సొంతూరు శ్రీకాకుళం జిల్లా తీరంలోనే. నాన్నగారు తెప్ప మీద వేటకెళ్లేవారట. నా జాబితా అంతా ఓపిగ్గా విని ఆయన అడిగింది ఒకటే ప్రశ్న.

‘ఏటి బాబూ, బోల్తాపడితే ఎవడు లేపుతాడు?’

కాటమరాన్ కొనాలనుకునేవాళ్లు అన్నిటికంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న అదేనట. ఈ పడవ మామూలుగా ఎంత బలంగా నిలబడుతుందో, తలకిందులైతే కూడా అంత బలంగానే నిలబడిపోతుంది. పక్కకి పడినప్పుడే లేపెయ్యాలి. లేపడానికి కావలసింది కండబలం కాదు, ఒంటి బరువు.

ఆయన రెండో ప్రశ్న... ‘పోటీ ఎవరితో?’ ఎ క్లాస్ కొంటే ఈ తీరంలో నాకు నేనే మొదటి బహుమతి, నాకు నేనే చివరి బహుమతి. ఒకే రకం పడవలు నాలుగైనా ఉంటేనే అది పందెం. పైగా అలల్లోంచి ఇసుక మీదికి ఈడ్చాల్సిన చోట అంత సున్నితమైన పడవ నిలవదన్నారు.

ఆ తీరంలో అమ్మకానికున్నవి రెండే. రెండూ హోబీ పడవలే, పాతవి. కాలిఫోర్నియాలో సర్ఫ్‌బోర్డులు చేసి అమ్మే హోబీ ఆల్టర్ 1960ల చివర్లో వీటికి శ్రీకారం చుట్టాడు. ఇసుక మీంచి తోసుకెళ్లి, అలలు దాటి, మళ్లీ ఇసుక మీదికే వచ్చి ఆగాలి... అదీ ఆయన ఆలోచన. అందుకే అడుగున నిలువు పలకలుండవు. చుక్కానులు నేల తగిలితే వాటంతటవే పైకి లేస్తాయి. మొదట వచ్చింది 14 అడుగులది, ఒక్కరికి. తర్వాత 16 అడుగులది, ఇద్దరికి. బరువు 145 కిలోలు, వెడల్పు దాదాపు ఎనిమిదడుగులు. ఈ పదహారు ప్రపంచమంతటా లక్షకు పైగా అమ్ముడుపోయింది. లోపాలు లేవా అంటే ఉన్నాయి. మలుపు దగ్గర మొరాయిస్తుంది. గాలి వెనకనుంచి గట్టిగా తోస్తే ముక్కు నీళ్లలో దిగబడి ముందుకి పల్టీ కొడుతుంది. అలాంటప్పుడు ఇద్దరూ వెనక్కి జరిగిపోవాలి.

‘పద్నాలుగే ఇప్పించండి మాస్టారూ’ అన్నాను. ‘నువ్వొక్కడివీ లేపుకోగలవులే. కానీ ఇక్కడ పద్నాలుగులు ఇంకో రెండు కూడా లేవు. పదహార్లయితే అరడజనున్నాయి’ అన్నారాయన. తర్వాత నా మొహంలోకి చూసి, ‘ఇంకో మనిషిని ఎక్కించుకోడానికి భయమేటి?’ అన్నారు.

పదిహేడేళ్ల నుంచి ఎవరికీ చెప్పని సంగతి ఆ ఇసుకలో కూర్చుని ఆయనకి చెప్పాను. మా ఆవిడ పక్కనే ఉంది. బోల్తా సంగతి ఆమెకి తెలుసు. వాడు రెండుసార్లు అరిచాడన్నది అప్పుడే వినడం.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆమె అడిగింది మాస్టారుని... ‘ఈ పదహారు లేపడానికి ఎంత బరువుండాలండీ?’

ఒక్కరి బరువు సాధారణంగా చాలదన్నారు. పందేలకైతే నిబంధనే ఉంది. ఇద్దరి బరువూ కలిపి కనీసం 129 కిలోలుండాలి, తగ్గితే ఆ మేరకు పడవలో బరువు మొయ్యాలి. మర్నాడు మందుల షాపు ముందున్న మిషను ఎక్కాం. ఇద్దరం కలిసి 130 కిలోలు. అందులో ఎవరి వాటా ఎంతో రాస్తే ఈ ఆదివారం నాకు భోజనం ఉండదు.

పాత పడవని ఎలా చూడాలో మాస్టారు నేర్పారు. మొదట కాళ్లకి వెనకున్న బిరడాలు విప్పించారు. లోపల నీళ్లుంటే ఎక్కడో చీలిక ఉన్నట్టే. తర్వాత పైభాగమంతా బొటనవేలితో నొక్కుకుంటూ, వేళ్లతో తట్టుకుంటూ వెళ్లారు. ఫైబర్ పొరల మధ్య అతుకు ఊడిపోయినచోట వేలికి మెత్తగా తగులుతుంది, చప్పుడు బొంగురుగా వస్తుంది. పుచ్చకాయ బేరమాడినట్టే! అలాంటి మెత్తదనం స్తంభానికి ముందువైపు ఉంటే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దన్నారు. స్తంభం మొదట్లో తుప్పు, దాన్ని నిలబెట్టే ఉక్కు తీగల్లో తెగిన పోగులు, మధ్య పట్టుకి చిరిగిన కుట్లు, చుక్కానుల్లో ఊగులాట... ఒక్కోటీ చూపించారు. తీగలు ఎలా ఉన్నా సరే, కొన్నవెంటనే కొత్తవి వెయ్యాలట. తెగితే స్తంభం మన నెత్తిమీదికే కదా. తెరచాపల రంగు వెలిసిపోయింది గానీ పడవ గట్టిదే. ధర ఓ పాత చిన్నకారంత.

‘డబ్బు ఇప్పుడే ఇవ్వొద్దు. ముందు బోల్తా కొట్టించండి’ అన్నారు.

నాకు చెమటలు పట్టాయి. మా ఆవిడ మాత్రం లైఫ్ జాకెట్ బిగించుకుంటోంది. కోనసీమ కాలవల్లో ఈత నేర్చిన మనిషి.

గాలి తక్కువగా ఉన్న ఉదయం చూసుకుని, మాస్టారు తన బోటులో పక్కనే ఉండగా, కావాలనే పడవని పడేశాం. నీళ్లలో పడగానే నేను చూసింది ఒక్కటే... ఆమె తల ఎక్కడ? తెరచాపకి అవతల, బయటే ఉంది. ‘పడవ వదలొద్దు!’ అని మాస్టారు కేకేశారు. మొదటి పాఠం అదే. మనిషి కంటే పడవే దూరం నుంచి కనబడుతుంది. రెండోది, తెరచాపల తాళ్లన్నీ వదులు చెయ్యాలి. బిగించి ఉంచితే లేచిన పడవ మనల్ని నీళ్లలో వదిలేసి పారిపోతుంది. మూడోది, ముక్కుని గాలి వచ్చే వైపుకి తిప్పాలి. అప్పుడు పైనున్న కాలు మీదుగా తాడు వేసి, కిందున్న కాలు మీద ఇద్దరం నిలబడి, తాడు పట్టుకుని వెనక్కి వాలాలి. అంతే.

వాలాం. ఏమీ కాలేదు. ఇంకా వాలాం. వీపు నీటికి తగిలేంత. స్తంభం చివర నీళ్లలోంచి జానెడు లేచింది. తెరచాప కిందికి కాస్త గాలి దూరింది. ఇక చూసుకోండి, పడవ మొత్తం లేచి ధబ్బున నిలబడింది. పైనుంచి దిగే కాలు నెత్తికి తగలకుండా తలలు వంచి పడవ కింది దూలం పట్టుకున్నాం. ఇద్దరి మొహాల నిండా ఉప్పునీళ్లు. నావి అన్నీ సముద్రానివే అని చెప్పలేను.

ఆ మధ్యాహ్నం సముద్రపు గాలి అందుకుంది. చుక్కాని నా చేతికిచ్చారు. ఒడ్డుకి తిరిగొస్తుంటే ఒక కాలు నెమ్మదిగా నీళ్లలోంచి లేచింది. పక్కనే మరో పదహారు వెళ్తోంది. ఇంకాస్త బిగిస్తే దాన్ని దాటేస్తాం. చేతిలో తాడు అదే, వేళ్లలో దురద అదే.

‘తాడు వదలండి!’ అంది మా ఆవిడ.

వదిలేశాను. కాలు నీళ్లలో పడింది. పక్క పడవ మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. అందులోవాళ్లు చెయ్యి ఊపారు. మేమూ ఊపాం.

మర్నాడు డబ్బు కట్టేశాం. పద్నాలుగు ఇంకా ఆ ఇసుకలోనే ఉంది. అటుగా వెళ్లినప్పుడల్లా దాని మీద ఓసారి చెయ్యి వేస్తుంటాను. ఒక్కడికే సరిపోయే పడవ ఉంటే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదనుకున్నాను ఒకప్పుడు. బోల్తాపడ్డాక తోడు లాగేవాళ్లూ ఉండరన్నది నాకు అప్పుడు తట్టలేదు. అమ్మకి ఫొటో పంపితే ‘కోడల్ని జాగ్రత్తగా చూసుకో’ అంది. పాలసీ సంగతి మళ్లీ గుర్తుచేసింది.

అదే ఫొటో ఇంకో నంబరుకి కూడా పంపాను. నా దగ్గర ఎన్నేళ్లుగానో ఉన్నా ఎప్పుడూ నొక్కని నంబరు అది. పడవ, ఇద్దరం, వెనక వెలిసిన తెరచాప. కింద ఏం రాయాలో తోచక ఏమీ రాయలేదు. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు పొద్దున్న వచ్చింది.

‘తాడు వదిలావా?’

‘వదిలాను’ అని కొట్టాను.

‘ఆవిడ ఎన్నిసార్లు అరవాల్సొచ్చింది?’

‘ఒక్కసారే.’