తుకుంలో ఒక మజిలీ

చంద్రపూరు పాతకోటకు ఉత్తరపు వాకిలి జట్‌పురా దర్వాజా. అది దాటి తాడోబా అడవికి పోయే దారి పట్టితే తుకుం వస్తుంది. వెనుకటివారు ఈ ఊరిని చాందా అనేవారు. బొగ్గు గనులకు, బల్లార్షా కాగితపు మిల్లుకు పనికి వచ్చిన తెలుగువారు ఈ చుట్టుపట్ల చాలామంది స్థిరపడ్డారు. వీధిలో మరాఠీ, వంటింట్లో తెలుగు. మా అక్కయ్యగారి కాపురమూ అక్కడే.

మొన్న మాఘమాసంలో మేము వెళ్ళేసరికి ఆ యింట ప్రయాణపు హడావుడి. ఆసిఫాబాదులో పెళ్ళి. బావగారు తమ పాత బులెట్‌మీద మేనకోడలిని ఎక్కించుకొని, బల్లార్షా వద్ద వార్ధా నది దాటి, రాజురా మీదుగా పోవాలని ఏర్పాటు. రాజురా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో వుండేది. అందుచేత ఆ దారి పొడుగునా మనవారి చుట్టరికాలే.

ముందునాటి సాయంత్రం బావగారు మమ్మల్ని వెనుక కూర్చోబెట్టుకొని బండి తీశారు. వేగం 60 కిలోమీటర్లు దాటిందో లేదో, హేండిలు కుడియెడమలకు కొట్టుకోసాగింది. వెనుక భాగం చేపతోకలా ఊగింది. బావగారు బ్రేకు గట్టిగా తొక్కక, యాక్సిలరేటరు మెల్లగా వదలి, ఎలాగో నిలిపారు. మా గుండెలు కుదుటపడడానికి చాలాసేపు పట్టింది.

“లారీలు రోడ్డును పాడుచేశాయి” అన్నారు బావగారు.

“రోడ్డో, మీరో, బండో తేలేవరకు పిల్లను పంపను” అన్నది అక్కయ్య.

పేటలోని మేస్త్రీ మరాఠీవాడైనా తెలుగు బాగా వచ్చును. రెంచి ముట్టకుండానే, “భావూ, చైను ఎవరు బిగించారు?” అని అడిగాడు. ఆదివారంనాడు తామే బిగించినట్లు బావగారు ఒప్పుకొన్నారు.

మేస్త్రీ ముందు టైర్లలో గాలి చూశాడు. ముందు చక్రం పైకెత్తి హేండిలు బేరింగులు, తరువాత స్పోకులు, వెనుక చక్రాన్ని మోసే చేయి చూశాడు. అవన్నీ బాగానే వున్నవి. వెనుక ఇరుసుకు రెండు కొసలా గంట్లున్న బిళ్ళలు వుంటాయి. ఎడమ బిళ్ళ ఒక గంటుమీద, కుడిది మరొక గంటుమీద వున్నది! చైను బిగిసింది గాని, చక్రం ఓరగా నిలిచింది.

గంట్లు సరిచేసి, వాటినీ నమ్మక, వెనుక టైరునుండి ముందు టైరుకు రెండు వైపులా దారం లాగి చూశాడు. రెండు టైర్లు ఒకే వెడల్పువైతే దారం ఒక్కొక్క టైరుకు ముందూ వెనుకా తగలాలి. వెనుకది వెడల్పైతే, ముందు టైరుకు ఇరువైపులా సమానమైన సందు వుండాలి.

బండి తోలి చూస్తే ఊపు తగ్గింది గాని పోలేదు. “అన్నీ ఒకేసారి బిగిస్తే జబ్బు ఏదో తెలియదు; ఒకటి చేసి చూడాలి, తరువాత రెండోది” అన్నాడు మేస్త్రీ.

రెండోది ఇంజను దగ్గర దొరికింది. పాత బులెట్ చట్రానికి ఇంజను అడుగున గొట్టం వుండదు. ఇంజనే చట్రంలో ఒక భాగమై ముందు వెనుకలను కలుపుతుంది. ముందు బోల్టు చుట్టూ ఎర్రని తుప్పుపొడి రాలి వున్నది. ఇనుము ఇనుముతో ఒరుసుకొన్న గుర్తు అది. ఆ అతుకుమీద మా వేలు పెట్టించి బండిని ఊపితే, కదలిక మాకే తెలిసింది. రంధ్రం అరిగిపోయిన ప్లేటు, బోల్టు మార్చేసరికి రాత్రి తొమ్మిదయింది.

ఇంజను పట్టుకు ఇంత పని వుందా అని అడగవచ్చు. 1967లో ఇంగ్లండులోని నార్టన్ కంపెనీ, అదురు తగ్గించడానికి కమాండో బండి ఇంజనును రబ్బరు దిమ్మెలమీద నిలిపింది. వెనుక చక్రపు చేయికూడా ఇంజనుతోనే చేరివుంటుంది. కాబట్టి ఆ దిమ్మెలవద్ద సందు పెరిగితే వెనుక చక్రమే ప్రక్కకు ఊగుతుంది. పట్టు వదులైతే ఏ దేశపు బండికైనా ముప్పే.

“కొత్త బోల్టు కొంత దూరం నడిచాక మళ్ళీ చూడాలి. అంతవరకు వెనుక ఎవరినీ ఎక్కించవద్దు” అన్నాడు మేస్త్రీ. అక్కయ్య, మేనకోడలు, మేము బల్లార్షాలో రైలెక్కి ఆసిఫాబాదు రోడ్డులో దిగాము. బావగారు ఒంటరిగా వచ్చారు. రాజురాలో ఆగి బోల్టులు చూసుకొన్నారట. బండి వణకలేదు.

తిరుగు ప్రయాణంలో అక్కయ్య ఏమీ అడగలేదు. తానే ఆ బోల్టుమీద వేలు పెట్టి చూసి, పిల్లను బండి ఎక్కించింది.