భయపడ్డ మగవాళ్ల పాట

“శ్రమ పాటల మీద పీహెచ్‌డీ చేసినదానివి, నీకీ బ్లాక్ సబాత్ పిచ్చేమిటి?” అని స్నేహితురాళ్లు అడుగుతుంటారు. ఆ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. బొగ్గుబాయిల మధ్య పెరిగిన తెలుగు పిల్లకు ఇంగ్లండ్ హార్డ్ రాక్‌తో ఏం పని అన్నది మొదటిది. దానికి పెద్ద జవాబు అక్కర్లేదు. రెండోదే కష్టమైంది. నలుగురు మగవాళ్లు, చెవులు దద్దరిల్లే గిటార్లు, ‘దుష్టురాలు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక పాట, అట్ట మీద మంత్రగత్తెలాంటి ఆడమనిషి. ఇందులో స్త్రీవాదికి నచ్చేదేముంది? ఈ ప్రశ్నను తప్పించుకోవాలని నాకు లేదు. ఎందుకంటే ఆ ఆల్బమ్ నాకు నిజంగానే ఇష్టం. సిద్ధాంతానికి జంకి ఇష్టాన్ని దాచుకోవడం, ఇష్టం కోసం సిద్ధాంతాన్ని మెత్తబరచడం, రెండూ నాకు చేతకావు.

నేను మాట్లాడుతున్నది ఆ బ్యాండు తన పేరుతోనే తెచ్చిన మొదటి ఆల్బమ్ గురించి. 1969 అక్టోబరులో లండన్‌లో దాదాపు ఒక్క రోజులో రికార్డు చేశారు. 1970 ఫిబ్రవరి 13న విడుదలైంది. పాడింది ఆజీ ఆస్బర్న్, గిటార్ టోనీ అయోమీ, బేస్ గిటార్ గీజర్ బట్లర్, డ్రమ్స్ బిల్ వార్డ్. నలుగురూ బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ ప్రాంతపు కార్మిక కుటుంబాల పిల్లలు, ఇరవై దాటీ దాటని వయసు. విమర్శకులు చాలామంది తీసిపారేశారు. జనం మాత్రం కొన్నారు, బ్రిటన్‌లో అమ్మకాల పట్టికలో ఎనిమిదో స్థానం దాకా పోయింది. హెవీ మెటల్ అనే సంగీతం ఇక్కడే మొదలైందని ఇవాళ చాలామంది ఒప్పుకుంటారు.

మొదటి పాట వాన చప్పుడుతో మొదలవుతుంది. ఉరుము, దూరంగా చర్చి గంట. తర్వాత గిటార్ మూడే మూడు స్వరాలు పలుకుతుంది. ఒక స్వరం, అదే స్వరం పై స్థాయిలో, ఆ రెంటికీ సరిగ్గా నడుమ ఉండే ఇంకొకటి. మన లెక్కలో షడ్జమం, తారషడ్జమం, ప్రతిమధ్యమం. షడ్జమానికీ ప్రతిమధ్యమానికీ ఉన్న ఈ ఎడానికి యూరప్ సంగీతశాస్త్రం ‘సంగీతంలోని సైతాను’ అని పేరు పెట్టింది. మన 72 మేళకర్తల్లో సగం, అంటే 36, ప్రతిమధ్యమ రాగాలే. కల్యాణి వాటిలో ఒకటి. అక్కడ సైతాను అయిన ఎడం ఇక్కడ మంగళకరమైన రాగంలో ఉంది. దయ్యం స్వరంలో లేదు, పేరు పెట్టేవాళ్ల దగ్గర ఉంది. స్వరాలకే కాదు, మనుషులకూ ఇట్లాగే పేర్లు పెడతారు. దాని గురించి తర్వాత చెప్తాను.

ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే మంచం చివర నల్లటి ఆకారం నిలబడి ఉందని, ఆ సంగతి ఆజీకి చెప్పాక ఈ పాట పుట్టిందని బట్లర్ పలుమార్లు చెప్పాడు. పాటలో మగవాడు ఆ ఆకారాన్ని చూసి వణుకుతాడు, పారిపోవాలని చూస్తాడు, కాపాడమని దేవుణ్ణి మొత్తుకుంటాడు. ఆ కాలపు రాక్ పాటల్లో మగవాడు ఎక్కువగా తన మగతనాన్ని చాటుకునేవాడు, ఆడది అతనికి వేట. ఇక్కడ వేటాడబడుతున్నది అతనే. హైదరాబాద్‌లో హాస్టల్ గదిలో, స్నేహితురాలి కంప్యూటర్‌లో ఈ పాట మొదటిసారి విన్నప్పుడు నన్ను కట్టిపడేసింది అదే. ఇంత చప్పుడు మగవాళ్లు బలం చూపించుకోవడానికి చేస్తారని అనుకుంటాం. వీళ్లు భయపడుతున్నామని చెప్పడానికి చేశారు.

అది నాకెందుకంత కొత్తగా తోచిందో చెప్పాలంటే మా ఊరి గురించి చెప్పాలి. మాది గోదావరిఖని. అప్పట్లో కరీంనగర్ జిల్లా, 2016 నుంచి పెద్దపల్లి జిల్లా. గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా: మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి. అమ్మమ్మ వాళ్లది బెల్లంపల్లి. నదికి రెండు దిక్కులా బొగ్గుబాయిలే, రెండు దిక్కులా సైరన్ మోతతోనే పొద్దు గడిచేది. బాపు బాయి కార్మికుడు. లోపల ఏం చూశాడో, ఎప్పుడు భయపడ్డాడో మాకు ఏనాడూ చెప్పలేదు. ఆయనొక్కడే కాదు, మా క్వార్టర్ల వరుసలో ఏ మగమనిషీ చెప్పగా నేను వినలేదు. “పోయొస్త” అని డ్యూటీకి పోయేవాళ్లు, అంతే. భయపడే పని ఆడవాళ్లది. వేళగాని వేళ సైరన్ మోగితే చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చేది వాళ్లే. షిఫ్టు దిగే సమయం దాటితే సైకిల్ చప్పుడు కోసం చెవులు రిక్కించేది వాళ్లే.

2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ రోజుల్లో మా వాడకట్టు ఆడవాళ్లు ఒకరి గడపలో ఒకరు కూర్చొని పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నారు. మగవాళ్లు ఏమీ మాట్లాడకుండా మళ్లీ డ్యూటీకి పోయారు.

1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్లను భూగర్భ గనుల్లో పనికి పెట్టుకోకూడదంది. 2019లో కేంద్ర ప్రభుత్వం ఆ నిషేధాన్ని కొంత సడలించి, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజిమెంటు పనులకు అనుమతి ఇచ్చింది. నా చిన్నతనంలో మాత్రం బాయిలోకి దిగేది మగవాళ్లే. ఆ బాయిని తలలో పెట్టుకొని ఇంట్లో తిరిగేది ఆడవాళ్లు. శ్రమ విభజన గురించి మనం చాలా రాసుకున్నాం. భయం కూడా అట్లాగే పంచబడిందని, ఆ పంపకంలో మగవాడికి మౌనం, ఆడదానికి నిద్రలేని రాత్రులు వచ్చాయని నాకు ఈ ఆల్బమ్ విన్నాకే స్పష్టమైంది.

ఆస్టన్ నాకు పరాయి ఊరనిపించకపోవడానికి ఇంకో కారణం ఉంది. అయోమీ రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సంగీతం కోసం పని మానేస్తున్న చివరి రోజున, పదిహేడేళ్ల వయసులో, కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు చివర్లు మెషీన్‌లో పడి తెగిపోయాయి. మధ్యాహ్నం తిండికి ఇంటికొచ్చి ఇక పోనంటే, రోజు పూర్తి చేసి రమ్మని తల్లే పంపిందని ఆయన చెప్పుకున్నాడు. ఆ తల్లికి ఆ రాత్రి నిద్ర ఎట్లా పట్టిందో ఏ రాక్ చరిత్రా రాయదు. ఎడమచేతివాటం మనిషి కాబట్టి గిటార్ తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతితోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలు అతికించాడు, నొప్పి తగ్గడానికి సన్నటి తీగలు వేసుకున్నాడు. ఆ గిటార్ మోతలో ఆ చేయి ఉంది. ఆజీ ఇంట్లోనూ అంతే, తల్లి పగలు ఫ్యాక్టరీలో, తండ్రి రాత్రి షిఫ్టులో. ఒకరు వచ్చేసరికి ఒకరు పోయే ఇళ్లు మాకు తెలుసు.

మరి మన పాటల్లో భయం లేదా? మాది పాట కరువైన ప్రాంతం కాదు. 1972లో మొదలైన జననాట్యమండలి, గద్దర్ గొంతు, 1978 జగిత్యాల జైత్రయాత్ర, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద జరిగిన కాల్పులు, వీటి చుట్టూ పుట్టిన పాటలు మాకు జోలపాటలతో పాటే వచ్చాయి. డప్పు మోగితే కూర్చున్నచోట కూర్చోనివ్వని పాటలు. వాటికి నేను చాలా రుణపడి ఉన్నాను. అయినా ఒక మాట అనాలి. నేను విన్న ఆ పాటల్లో ఏడ్చేది తల్లి, ఎదురుచూసేది చెల్లె. వీరుడు భయపడగా వినలేదు. బాయి మా బాపుకు ఇవ్వని వీలు, ఉద్యమం పాటలోని వీరుడికీ ఇవ్వలేదు.

ఆడవాళ్ల పాటలు వేరు. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చెప్పుకునే కథల్లో, నాట్లు వేస్తూ పాడే పాటల్లో అత్తింటి భయం, కానుపు భయం, దొర భయం అన్నీ ఉంటాయి. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాటపు స్త్రీలు మాట్లాడిన తీరూ అదే. పోరాటం గురించి గర్వంగా చెప్తూనే పసిపిల్లల గురించి, ఒంటరితనం గురించి, పోరాటం ముగిశాక ఎదురైన నిరాశ గురించి చెప్పారు. అది చెప్పినందువల్ల వాళ్ల ధైర్యం మనకు తక్కువగా కనిపించలేదు. ఆ పుస్తకం చదివిన చెవితోనే నేను బ్లాక్ సబాత్‌ను విన్నానని ఇప్పుడనిపిస్తుంది.

ఇక కష్టమైన భాగానికొస్తాను. బ్రిటన్‌లో వచ్చిన ఆల్బమ్‌లో ‘ఈవిల్ వుమన్’ అనే పాట ఉంది. వీళ్లు రాసింది కాదు, క్రో అనే అమెరికా బ్యాండు పాట. మగవాడి కష్టానికి ఆడదాన్ని దోషిని చేసే పాత కథే. అమెరికాలో విడుదలైన ప్రతుల్లో దాని బదులు ‘వికెడ్ వరల్డ్’ పెట్టారు. అది వీళ్ల సొంత పాట. చంద్రుడి మీదికి మనిషిని పంపగలిగి, భూమ్మీద పాత జబ్బులతో చచ్చేవాళ్లను కాపాడలేని లోకం గురించి. అందులో రోజూ పనికి పోయి జీతం తెచ్చుకునే ఒక ఆడమనిషి కనిపిస్తుంది. అవే నెలలు, అదే నలుగురు. అరువు తెచ్చుకున్న పాటలో ఆడది దుష్టురాలు, తమ వీధిని చూసి రాసుకున్న పాటలో ఆడది కార్మికురాలు. స్త్రీద్వేషం చాలాసార్లు దుకాణంలో కొన్న బట్టలాంటిది, కొలతలు ఇవ్వకుండానే తొడుక్కోవచ్చు. దీంతో మొదటి పాట తప్పు మాసిపోదు. కానీ తేడా వినిపించినప్పుడు వినాలి కదా.

అట్ట మీది బొమ్మ నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఆక్స్‌ఫర్డ్‌షర్‌లోని మేపుల్‌డరమ్ అనే ఊళ్లో నీటితో తిరిగే పాత పిండిమర ముందు, నల్లటి దుస్తుల్లో ఒక స్త్రీ. పాటలో కనిపించేది సైతాను, ఆడది కాదు. అట్ట మీదికి వచ్చేసరికి ఆడదైంది. మగవాడు తన భయాన్ని ఒప్పుకున్నాడు సరే, ఆ భయానికి రూపం ఇవ్వాల్సి వచ్చినప్పుడు మళ్లీ ఆడదాని ఒళ్లే దొరికింది. ఇంగ్లండ్‌లో అది అలంకారం కావచ్చు. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు మా జిల్లాల పల్లెల నుంచి నేను చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. ఒంటరి ఆడది, వయసు మళ్లిన ఆడది, ఎదురు మాట్లాడే ఆడది అంటే అనుమానానికి మరీ అలుసు. అందుకే ఆ బొమ్మను కేవలం బొమ్మగా చూడలేను.

యాభై ఏళ్ల పాటు అభిమానులకు ఆ ‘మంత్రగత్తె’ ఎవరో తెలియదు. ఫొటో తీసిన కీత్ మెక్‌మిలన్ పేరు ఉంది, ఆమె పేరు లేదు. 2020లో గానీ ఆమె లూయిసా లివింగ్‌స్టన్ అని లోకానికి తెలియలేదు. అప్పటికి ఇరవై కూడా నిండని మోడల్. ఆమెకు గుర్తున్నదల్లా తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, గడ్డకట్టే చలి. తర్వాత ఆమె కూడా సంగీతం చేసింది. లోకమంతా భయపడ్డ బొమ్మలో ఉన్నది, పనికొచ్చి చలిలో నిలబడ్డ ఒక అమ్మాయి.

2025 జులై 5న ఆస్టన్‌లోనే, విల్లా పార్కు మైదానంలో, ఆ నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. జులై 22న ఆజీ చనిపోయాడు. ఆ వారం నేను ఖనిలో ఉన్నాను. మొదటి పాట పెట్టి, బాపును కూర్చొని వినమన్నాను. అమ్మ వంటింట్లోంచే, “గిదేం పాటనే, ఎవలో జడుసుకొని ఒర్రుతున్నట్టున్నది” అంది. ఇంగ్లిషు ముక్క రాని మనిషి. రిటైరై ఏళ్లు గడిచిన బాపును అప్పుడడిగాను, బాయిలో ఎప్పుడన్నా భయమైందా అని. చాలాసేపు ఏమీ అనలేదు. పాట అయిపోయాక, “భయం గాకుంట ఎట్లుంటది బిడ్డా” అన్నాడు.

అమ్మ గరిటె పట్టుకొని గుమ్మంలోకి వచ్చింది. “గీ మాట అప్పుడే జెప్తే నాకు జర తోడుంటుండె గదా” అంది.