పడవలు పోయాక మిగిలిన గట్టు

సింగపూర్‌లో 2011 దాకా మలేషియా రైళ్ళు తిరిగిన దారిలో ఇప్పుడు జనం నడుస్తున్నారు. దాదాపు 24 కిలోమీటర్లు. పట్టాలు చాలావరకు తీసేసినా ఇనుప వంతెనలనూ, బుకిట్ తిమా స్టేషన్‌నూ పదిలంగా ఉంచారు. దారి వదిలి కొంతదూరం వెళ్తే 1859లో మొదలైన బొటానిక్ గార్డెన్స్, చెట్లకు పేర్ల పలకలు. అటు నడిచినప్పుడల్లా నా మనసు నెల్లూరు తీరాన ఉన్న మైపాడుకు పోతుంది. వాడుక తప్పిన దారి మనకూ ఉంది, బకింగ్‌హాం కాలువ.

మైపాడులో సముద్రానికి వెళ్ళే తొందరలో కాలువ వంతెన మీద ఎవరూ ఆగరు. పెదగంజాం నుంచి తమిళనాడు మరక్కాణం దాకా సాగే ఉప్పునీటి కాలువ అది. 1806లో మద్రాసు దగ్గర మొదలై అంచెలంచెలుగా మన వైపు వచ్చింది. 1877-78 కరువులో మద్రాసులో కూవం, అడయారు నదులను కలుపుతూ కరువు పనిగా తవ్వించాక అప్పటి గవర్నరు పేరు స్థిరపడింది. మన బియ్యం, ఉప్పు, శ్రీహరికోట కట్టెలు ఈ నీటి మీదే మద్రాసు చేరేవి. గాలి పడిపోతే సరంగులు గట్టెక్కి, తాడు భుజాన వేసుకుని పడవను లాగుతూ నడిచేవారు. కనుక ఆ గట్టు పుట్టినప్పటి నుంచీ నడకదారే. సింగపూర్‌లోలా దాన్ని మళ్ళీ జనం నడిచే దారిగా చేయాలి.

మైపాడు నుంచి దక్షిణంగా పోతే కృష్ణపట్నం. ఓడరేవు లారీల మధ్య నడవలేం, అక్కడ దారి మళ్ళించాలి. ఇంకా కిందికి దుగరాజపట్నం. ఇంగ్లీషువాళ్ళు ఆర్మగాన్ అన్న ఊరు ఇదే. 1626లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ స్థావరం పెట్టింది. ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు నేల సంపాదించాడు, మరుసటి ఏడు కంపెనీ అటు తరలిపోయింది. మహానగరానికి ముందటి అడుగు మన తీరాన పడిందని మా బళ్ళో ఎవరూ చెప్పలేదు.

ఈ దారి పక్కన బొటానిక్ గార్డెన్స్ లాంటి తోట వేరే నాటక్కర్లేదు. కృష్ణపట్నం పాయల్లో మడచెట్లు, ఇసుక మేటల మీద బాలబందు తీగ, రావణాసురుడి మీసాలు, మొగలి పొదలు, తాటిచెట్లు, సరుగుడు తోపులు ఉన్నాయి. పక్కదారి పట్టగలిగితే నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతుల గూళ్ళు. ఈ పేర్లన్నీ తెలుగులో రాసి పెడితే పిల్లలు చదువుకుంటూ నడుస్తారు.

ముందుగా మైపాడు దగ్గర ఒక్క అంచె చాలు. సర్కారు తుమ్మ కొట్టించి, గట్టు సరిచేసి, నీడకు వేప, కానుగ నాటాలి. పడవలు నడిపిన కుటుంబాల పెద్దలను అడిగి, ఏ రేవు ఎక్కడుండేదో అక్కడే రాయి పాతాలి. వాళ్ళు ఉన్నప్పుడే ఆ పని జరగాలి.